నొప్పి లేని పుండు

అలిపిరి దగ్గర పాదాల మండపం ఉన్నది. కొండ ఎక్కబోయే భక్తులు అక్కడ శ్రీవారి పాదుకలను తలమీద పెట్టుకొని ప్రదక్షిణం చేస్తారు. శ్రీనివాసుడు రాత్రివేళ కొండ దిగి తిరుచానూరుకు నడిచి వెళ్ళివస్తాడనీ, ఆ నడకలో ఆయన పాదరక్షలు అరిగిపోతాయనీ మన పెద్దలు చెబుతూ వచ్చినారు. మండపం దాటితే మెట్లు మొదలవుతాయి. తొమ్మిది కిలోమీటర్ల దారి, సుమారు 3,500 మెట్లు. స్వామికి పాదుకలున్నవి గాని, ఆయన దర్శనానికి పోయే భక్తులు మాత్రం ఆ దారిని వట్టికాళ్ళతోనే నడుస్తారు. బాలుడైన అన్నమాచార్యుడు చెప్పులతో కొండ ఎక్కబోయి మోకాళ్ళ పర్వతం దగ్గర సొమ్మసిల్లగా, అలమేలుమంగ వచ్చి, సాలగ్రామమయమైన ఈ కొండమీద చెప్పులు తగవని తెలిపిందని కథ. ఆ కథ వినని ఇల్లు మన తిరుపతి, చిత్తూరు సీమలో ఉండదు.

పాదాలకు ఇంతటి మన్నన ఉన్న సీమ మనది. దేవుని పాదాలను తలమీద పెట్టుకొంటాము. పెద్దల పాదాలను కళ్ళకు అద్దుకొంటాము. కాని మన పాదాలను మనం చూచుకోవడం అరుదు. ముల్లు గుచ్చుకొన్ననాడో, గోరుచుట్టు లేచిననాడో తప్ప అరికాలు ఒకటున్నదన్న ధ్యాసే మనకు రాదు. ఆరోగ్యవంతుడికి ఆ అవసరం లేదు కూడాను. అతని తరఫున కావలి కాయడానికి నొప్పి ఉన్నది. ఆ కావలివాడు ఉద్యోగం మానుకొన్న పాదాల గురించి నేను ఈనాడు చెప్పదలచుకొన్నాను.

నేను వైద్యుణ్ణి కాను. డిగ్రీ చదువుకొని రేడియోలో చేరినవాణ్ణి. వైద్యులను స్టూడియోకు ఆహ్వానించి, వారిచేత ఆరోగ్య ప్రసంగాలు చేయించడం నా పనుల్లో ఒకటి. ‘మధుమేహ రోగులు పాదాలను జాగ్రత్తగా కాపాడుకోవలెను’ అన్న వాక్యాన్ని ఎన్నిసార్లు రికార్డు చేయించినానో నాకే లెక్క తెలియదు. ఆ వాక్యానికి అర్థం మాత్రం 2017 వేసవిలో, మా పెదనాయన కాలికట్టు విప్పినప్పుడు గాని నాకు బోధపడలేదు.

మా పెదనాయన చిత్తూరు పక్కపల్లెలో చెరకు, చెనిక్కాయ పండించిన రైతు. అప్పటికి ఆయనకు అరవైయెనిమిదేళ్ళు. చక్కెర జబ్బు బయటపడి పన్నెండేళ్ళయింది. మాత్రలు వేసుకొనేవాడు, పండుగనాడు మానేవాడు. ఆ ఏడు చైత్రమాసంలో మొక్కుబడి తీర్చుకోవడానికి అలిపిరి మెట్లదారిన నడిచి కొండ ఎక్కినాడు. ఎండకు కాగిన బండలమీద కుడికాలి బొటనవేలి మొదట్లో, ఎప్పటినుంచో కాయకాచిన చోట, బొబ్బ లేచింది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. ఇంటికి వచ్చిన మూడవనాడు నేలమీద తడి అడుగులు పడడం చూసి మా పెద్దమ్మ అడిగితే అప్పుడు కాలు తిప్పి చూచుకొన్నాడు. బొబ్బ పగిలి, రూపాయి బిళ్ళంత పుండు పడి ఉన్నది. పసుపు, ఆముదం పెట్టి గుడ్డ కట్టినారు.

పది రోజుల తర్వాత ఇంట్లో శుభకార్యానికి నేను ఆ పల్లెకు వెళ్ళినాను. ఆయన పాదాలకు నమస్కరించినాను. నా వేళ్ళకు ఆ గుడ్డకట్టు తగిలింది. ‘ఇదేమిటి పెదనాయనా?’ అన్నాను. ‘ఏమీ లేదు నాయనా, కొండమీద చర్మం లేచింది. నొప్పి అసలే లేదు. అంతా స్వామి దయ’ అన్నాడు. నొప్పి లేదన్న మాట విని నేను నిశ్చింతగా లేచి, వడ్డన జరిగేచోటికి పోయినాను. ఎన్ని ఆరోగ్య ప్రసంగాలను సిద్ధం చేయించినవాణ్ణి! నొప్పి లేదన్న ఆ ఒక్క మాటే ప్రమాదసూచన అని నాకు తట్టలేదు.

ఆ మాట ఎందుకు ప్రమాదసూచన అయిందో తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు పోనక్కరలేదు. చిత్తూరు దాటి సరిహద్దుకు అవతల ఉన్న వేలూరుకు పోతే చాలు. పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు తమిళ దేశపు కొల్లి కొండల్లో 1914 లో జన్మించి, ఇంగ్లండులో వైద్యం చదివి, 1946 లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చినాడు. కుష్ఠు రోగుల చేతివేళ్ళు, కాలివేళ్ళు ఎందుకు ఊడిపోతాయన్న ప్రశ్న ఆయనను పట్టుకొన్నది. రోగం కండను తినివేస్తుందని అంతవరకు లోకమంతా నమ్మినది. బ్రాండ్ ఓపికగా పరిశీలించి చూడగా తేలినది వేరు. కుష్ఠు చంపేది నరాలను. నరం చచ్చిన చేయి వేడి గిన్నెను వదలదు. నరం చచ్చిన కాలు మేకు మీద నడిచినా కుంటదు. నిద్రలో ఎలుక వచ్చి వేలు కొరికినా ఆ రోగికి మెలకువ రాదు. తెలియని గాయం మీద గాయం పడి, దానిలో క్రిములు చేరి, చివరకు వేలు పోతుంది. రోగి కోల్పోయినది మొదట నొప్పిని. ఆ తర్వాతనే వేళ్ళను. ఈ గ్రహింపు ఆధారంగానే వేలూరులోను, దాని సమీపాన ఉన్న కరిగిరి కుష్ఠు వైద్యకేంద్రంలోను స్పర్శ లేని పాదాల కొరకు మెత్తని రబ్బరు అట్టతో చెప్పులు తయారుచేయడం మొదలయింది.

బ్రాండ్ 1966 లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కార్విల్ కుష్ఠు వైద్యశాలకు వెళ్ళినాడు. అక్కడ మధుమేహ రోగుల అరికాళ్ళలో, వేలూరులో తాను చూచిన పుండ్లవంటివే కనబడినవి. రోగాలు వేరైనా పాదానికి కలిగిన నష్టం ఒకటే: స్పర్శ పోవడం. మన పొరుగూరిలో కుష్ఠు రోగుల పాదాల నుంచి నేర్చిన పాఠం ఆ విధంగా మధుమేహ రోగులకు ఉపకరించింది.

మధుమేహం నరాలను మెల్లమెల్లగా దెబ్బతీస్తుంది. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి హెచ్చుగా ఉంటే, దేహంలో అన్నిటికంటె పొడుగైన నరాలు, అంటే పాదాలకు పోయేవి, ముందుగా చెడతాయి. మొదట తిమ్మిరి, మంట, చీమలు పాకినట్లుండడం. ఆ తర్వాత అవి కూడా పోయి మొద్దుబారడం. ‘మంటలు తగ్గినాయి, జబ్బు నయమైంది’ అని ఆ దశలో సంతోషించేవారున్నారు. తగ్గినది మంట కాదు. మంటను తెలిపే నరమే చచ్చిపోయింది. చెమట పట్టించే నరాలు కూడా చెడడంచేత చర్మం ఎండి, మడమలు పగులుతాయి. ఆ పగుళ్ళు క్రిములకు తెరచిన వాకిళ్ళు. ఇక పాదానికి రక్తం తెచ్చే నాళాలు ఇరుకైతే గాయం మానడానికి కావలసిన ప్రాణవాయువు, పోషకాలు అక్కడికి చేరవు. చక్కెర హెచ్చినప్పుడు క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు సైతం మందగిస్తాయి. కావలివాడు లేడు, దారి మూసుకొన్నది, సైన్యం బలహీనం. అట్టి కోటలోకి శత్రువు ప్రవేశించడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ శత్రువులు ఎవరో కూడా తెలుసుకొందాము. అన్నిటికంటె పేరుపడినది స్టాఫిలోకాకస్ ఆరియస్. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తివలె కనబడే ఈ క్రిమికుటుంబానికి స్కాట్లండు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880 ల దశకంలో ఆ పేరు పెట్టినాడు. ఇది మన చర్మం మీద, ముక్కులో కాపురముంటుంది. చర్మం చెక్కుచెదరనంతకాలం దానివలన కీడు లేదు. చర్మం తెగిన క్షణాన అది లోపలికి దిగుతుంది. పాశ్చాత్య దేశాల్లో మధుమేహ పాదవ్రణాలలో కనబడేది ఎక్కువగా ఇదే. మన దేశపు వైద్యశాలల్లో దీనికి తోడుగా మరొక జాతి క్రిములు ప్రబలంగా కనబడుతున్నవి. సూడోమోనాస్, ఇ. కోలై, క్లెబ్సియెల్లా, ప్రోటియస్ అనేవి వాటి పేర్లు. నీటిలో, తడి నేలలో, పేగుల్లో నివసించేవి ఇవి. డెన్మార్కు వైద్యుడు గ్రామ్ 1884 లో కనిపెట్టిన రంగుపరీక్షలో స్టాఫిలోకాకస్ ఊదారంగును పట్టి ఉంచుకొంటుంది. ఈ రెండవ జాతి ఆ రంగును వదలివేస్తుంది. ఆ భేదం రంగులోనే కాదు, ఏ మందుకు లొంగుతుందన్న దానిలో కూడా ఉన్నది. పుండు లోతై, కండ చచ్చి, గాలి సోకని అరలు ఏర్పడితే, గాలి లేనిచోటనే బ్రతికే మూడవ తెగ దిగుతుంది. పాదం నుంచి భరించరాని దుర్వాసన వస్తున్నదంటే అది ఆ తెగ పని కావచ్చును.

నాటు పుండులో ఒక్క క్రిమి ఉంటే, ముదిరిన పుండులో రెండు మూడు జాతులు కలసి కాపురం చేస్తాయి. పైగా అవి తమచుట్టూ జిగురుపొర అల్లుకొంటాయి. పాచి పట్టిన కోనేటి మెట్టుమీద ఎన్ని బిందెల నీళ్ళు గుమ్మరించినా పాచి పోదు, గీకితేనే పోతుంది. ఈ జిగురుపొర కూడా అంతే. రక్తంలో తిరిగే మందు దానిలోపలికి సరిగా చొరలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించవలెను. ప్రతి పుండు మీదా క్రిములుంటాయి. క్రిములున్నంత మాత్రాన అది చీముపట్టిన పుండు కాదు. వాపు, చుట్టూ ఎరుపు, వేడి, నొప్పి, చీము, వీటిలో కనీసం రెండు లక్షణాలు కనబడినప్పుడే క్రిములు కండలోకి దాడి చేసినవని వైద్యులు నిర్ణయిస్తారు. మన చామనచాయ చర్మం మీద ఎరుపు తేటగా కనబడదు. మొద్దుబారిన కాలిలో నొప్పి ఉండదు. కనుక వాపును, వేడిని చేతితో తాకి పోల్చి తెలుసుకోవలెను. కారణం లేకుండా రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగడం కూడా లోపల ఏదో రగులుతున్నదనడానికి గుర్తు. జ్వరం, వణుకు, గుండెదడ వచ్చినవంటే విషం రక్తానికి ఎక్కుతున్నట్లే. అటువంటప్పుడు తెల్లవారే వరకు ఆగడం కూడా తగదు. పాదంలో కండరాలను ఎముకలకు బిగించే తాళ్ళవంటి స్నాయువులున్నవి. వేలిదగ్గర పుట్టిన చీము ఆ తాళ్ళ వెంట పాకి, ఒకటి రెండు రోజుల్లోనే అరికాలి నడుమకు, మడమకు చేరగలదు. పైన చిన్న రంధ్రం, లోన పెద్ద చెరువు.

మా పెదనాయన కాలు ఉబ్బింది. ఊరివారి సలహాపై మందుల అంగడిలో అడిగి అయిదు రోజులకు యాంటీబయోటిక్ మాత్రలు తెచ్చినారు. మూడు రోజులకు వాపు కొంచెం తీసినట్లనిపించి, మిగిలినవి అలమరలో దాచినాడు. వారానికి వాపు మళ్ళీ వచ్చింది. ఈసారి వేరే రంగు మాత్రలు తెచ్చినారు. చీటీ రాసిన వైద్యుడు లేడు. ఏ క్రిమికి ఏ మందో చూచినవారూ లేరు. ఆ మధ్యకాలమంతా ఆయన నొప్పిలేని ఆ కాలితోనే చెరకుతోటకు పోయి వస్తూనే ఉన్నాడు. పుండు మీద ఆయన బరువంతా అడుగడుగునా పడుతూనే ఉన్నది.

యాంటీబయోటిక్కుల చరిత్రలో మన తెలుగువాడి పేరు కూడా ఉన్నది. 1895 లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉండగా, ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీసినాడు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన అది 1948 లో లోకానికి వెల్లడైంది. సుబ్బారావు మరణించినది కూడా ఆ ఏడే. మానవజాతికి అటువంటి మహోపకారం చేసిన మందులను మనం పిప్పరమెంటు బిళ్ళలవలె వాడుతున్నాము. 1928 లో పెన్సిలిన్‌ను కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగు, 1945 లో నోబెల్ బహుమానం అందుకొన్న సందర్భంలో చేసిన ఉపన్యాసంలోనే ఈ ప్రమాదాన్ని హెచ్చరించినాడు. చాలీచాలని మోతాదు మందు క్రిమిని చంపదు. ఆ మందును తట్టుకోవడం దానికి నేర్పుతుంది. నేడు మన ఆసుపత్రుల్లో అనేక మందులకు లొంగని స్టాఫిలోకాకస్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ తరచు తగులుతున్నవి. మా పెదనాయన అలమరలో మిగిలిన మాత్రలు, ఆయన పుండులోని క్రిములకు పెట్టిన పాఠశాల అనుకోవచ్చును.

అట్లని మందుల తప్పేమీ లేదు. సరియైన మందు సైతం ఒంటరిగా ఈ వ్యాధిని గెలువలేదన్నదే అసలు సంగతి. మందు పుండును చేరేది రక్తం ద్వారా. రక్తనాళం పూడితే మందు దారిలోనే ఆగుతుంది. చచ్చిన కండలోకి రక్తం పోదు, మందూ పోదు. ఎముకకు సోకిన క్రిమి ఎముక అరల్లో దాగుతుంది. అన్నిటినీ మించి, పుండు మీద నడక ఆగకపోతే ఏ మందు వేసినా అది మానదు. క్రిములు లేని పుండుకు యాంటీబయోటిక్ మేలు చేయదు, కీడే చేస్తుంది. క్రిములున్న పుండుకు యాంటీబయోటిక్ ఒక్కటే చాలదు. ఈ రెండు మాటలు గుర్తుంచుకొంటే మందుల అంగడికి పోయే దారిలో సగం మంది వెనుకకు తిరిగి ఆసుపత్రికి పోతారు.

కొండ దిగి వచ్చిన ఆరవ వారంలో పెదనాయనకు చలిజ్వరం వచ్చింది. కబురు తెలిసి నేను కారు తీసుకొని పోయి ఆయనను పట్టణంలోని పెద్దాసుపత్రికి చేర్చినాను. శస్త్రవైద్యుడు కట్టు విప్పినాడు. బొటనవేలు నల్లబడి ఉన్నది. దాని పక్క వేలు ఉబ్బి మెరుస్తున్నది. గదినిండా వాసన. ‘నొప్పిగా ఉన్నదా పెద్దాయనా?’ అని వైద్యుడు అడిగినాడు. ‘అదేమీ లేదు డాక్టరుగారూ. నొప్పి ఒక్కటి లేదు, అదే అదృష్టం’ అన్నాడు మా పెదనాయన. వైద్యుడు తలెత్తి నా వంక చూచినాడు. కోపం లేదు ఆ చూపులో. ‘నొప్పి ఉండి ఉంటే ఈయన మొదటి వారంలోనే వచ్చి ఉండేవారు’ అన్నాడు.

తర్వాత జరిగినదంతా దగ్గరుండి చూచినాను. సన్నని లోహపుపుల్లను పుండులోనికి మెల్లగా దించినారు. అది గట్టిగా ఎముకకు తగిలింది. పుల్ల ఎముకకు తగలడం ఎముక చెడిందనడానికి బలమైన సూచన అట. ఎక్స్‌రే తీసినారు. పాదంలో నాడి చూచి, రక్తప్రవాహాన్ని కొలిచినారు. అదృష్టవశాత్తు అది ఫరవాలేదన్నారు. పరీక్షకు పైపైన దూదితో తుడిచిన చీమును పంపలేదు. పైన దొరికేవి దారిన పోయే క్రిములు కావచ్చును గనుక, చెడిన కండను కోసి శుభ్రం చేసిన తర్వాత అడుగునుంచి చిన్న కండముక్కను తీసి ప్రయోగశాలకు పంపినారు. అక్కడ క్రిములను పెంచి, ఏ మందుకు లొంగుతాయో, ఏ మందుకు లొంగవో చూడడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఊహించి ఒక మందు సూదిద్వారా ఎక్కించి, ఫలితం రాగానే దానిని మార్చినారు. పెరిగినవి రెండు జాతులు. ఆయన ఇంట్లో మింగిన రెండు మందులకూ వాటిలో ఒకటి లొంగలేదు. చక్కెరను ఇన్సులిన్‌తో అదుపులోకి తెచ్చినారు. ఇన్సులిన్ అంటే ఆయనకు భయం. 1922 జనవరిలో టొరంటోలో మొదటిసారిగా ఒక రోగికి ఇచ్చిననాటినుంచి అది లెక్కలేనంతమంది ప్రాణం నిలిపిందని నేను నచ్చజెప్పవలసి వచ్చింది.

రెండు వేళ్ళు తీసివేసినారు. పాదం దక్కింది. మరొక వారం ఆలస్యమైతే మోకాలి కింద తీయవలసి వచ్చేదని చెప్పినారు. ఆ తర్వాత నెలల తరబడి కాలికి కదలని కట్టు వేసి, పుండు మీద బరువు పడకుండా చేసినారు. కాలి ఆకారానికి అతుక్కొనేటట్లు పిండికట్టు వేసి బరువును పాదమంతటా పంచే ఆ పద్ధతిని బ్రాండు స్పర్శ లేని పాదాలకు వాడి ప్రచారంలోకి తెచ్చినాడు. ఇల్లు అలకగానే పండుగ కాదన్నట్లు, వేళ్ళు తీసిన నాటితో వైద్యం ముగియలేదు. ఒకసారి పుండుపడిన పాదానికి మళ్ళీ పుండుపడే అవకాశం చాలా హెచ్చు.

ఇది ఒక్క మా ఇంటి కథే అయితే రేడియోలో చెప్పవలసిన పని లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023 లో ప్రచురితమైన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహ రోగులు 10 కోట్ల పైచిలుకు. మధుమేహం ఉన్నవారిలో నూటికి 19 నుంచి 34 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదవ్రణం రాగలదని శాస్త్రజ్ఞుల అంచనా. అట్టి పుండ్లలో సుమారు సగానికి క్రిములు సోకుతాయి. మన శ్రోతల్లో ఎన్ని ఇళ్ళకు ఇది వర్తిస్తుందో మీరే ఊహించుకోవచ్చును.

ఐతే ఈ లెక్కల్లో భయంతోపాటు ధైర్యం కూడా ఉన్నది. ఈ పుండ్లలో చాలా భాగం రాకుండా ఆపగలిగినవే. పోయిన నొప్పి స్థానంలో కంటిని కావలి పెట్టవలెను. అంతే.

మొదట, పాదంలో స్పర్శ ఉన్నదో లేదో తెలుసుకోండి. వైద్యుల దగ్గర పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగు ఉంటుంది, దానితో పరీక్షిస్తారు. ఇంట్లో చేసుకోగల ఉపాయం ఒకటి ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణపు వైద్యులు చెప్పినారు. రోగి కళ్ళు మూసుకోవలెను. మరొకరు రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు, ఈ ఆరింటి కొనలను చూపుడువేలితో ఒకటి రెండు సెకండ్లు మెత్తగా తాకవలెను. నొక్కరాదు, గిల్లరాదు. తాకినప్పుడల్లా రోగి చెప్పవలెను. ఆరింటిలో రెండుగాని అంతకు మించిగాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే. ఖర్చు లేదు, పరికరం లేదు.

స్పర్శ తగ్గినవారు ప్రతిరాత్రి దీపపు వెలుతురులో పాదాలను చూచుకోవలెను. వంగలేనివారు నేలమీద అద్దం పెట్టుకోవచ్చును. బొబ్బ, పగులు, రంగు మార్పు, తడి, వేళ్ళ సందుల్లో నాను, వీటికొరకు వెదకవలెను. కాళ్ళు కడిగిన తర్వాత వేళ్ళ సందులు పొడిగా తుడవండి. పగిలిన మడమలకు నూనె రాయండి, సందుల్లో రాయకండి. వేడినీళ్ళలో పాదాలు నానబెట్టకండి. ఆ నీళ్ళు ఎంత వేడిగా ఉన్నవో మీ పాదాలు చెప్పలేవు. ఆనెకాయలను బ్లేడుతో కోయకండి, ఆకుపసరులు, కాల్చే మందులు పెట్టకండి. ఇంట్లో సైతం చెప్పులతోనే నడవండి. వేళ్ళ నడుమ పట్టీ ఉండే రబ్బరు చెప్పులకంటె, మడమవెనుక పట్టీ ఉండి అడుగున మెత్తని అట్ట ఉన్నవి మేలు. తొడిగేముందు లోపల చేయి పెట్టి చూడండి. కంపముల్లు, గులకరాయి ఉన్నా మీ కాలికి తెలియదు. కొత్త పుండు కనబడితే దాని మీద నడక ఆపి, మర్నాడే ఆసుపత్రికి పోండి. తిరుపతిలో రుయా ఆసుపత్రి, 1960 లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల, 1993 నుంచి పనిచేస్తున్న స్విమ్స్ ఉన్నవి. సరిహద్దు దాటితే వేలూరు ఉన్నది. ఇంత దగ్గరలో ఇంత వైద్యం ఉన్న సీమలో ఆరు వారాలు ఆలస్యం చేయడానికి మాకు క్షమాపణ లేదు.

ఇక కొండనడక మాట. మెట్టుమెట్టుకు పసుపుకుంకుమలు పెట్టే భక్తిని తక్కువచేసి మాట్లాడే సాహసం నాకు లేదు. కాని మొక్కు వేరు, పద్ధతి వేరు. మధుమేహం, అధిక రక్తపోటు, ఉబ్బసం వంటి వ్యాధులున్నవారు, అరవై ఏళ్ళు దాటినవారు కాలినడకన కొండకు రావడం శ్రేయస్కరం కాదని తిరుమల తిరుపతి దేవస్థానమే 2024 అక్టోబరులో భక్తులకు సూచించింది. పాదంలో స్పర్శ పోయినవారు బస్సులో పోయి దర్శనం చేసుకొంటే స్వామి చిన్నబుచ్చుకోడు. ఏ గుడిలోనైనా చెప్పులు విప్పక తప్పని చోట ఎండపొద్దు తప్పించుకోండి. పరచిన పట్టాల మీదనే నడవండి. ఇంటికి వచ్చిన వెంటనే అరికాళ్ళు చూచుకోండి.

మా పెదనాయన ఇప్పుడు ఏటా బస్సులోనే కొండకు పోతున్నాడు. పోయేముందు అలిపిరిలో దిగి, పాదాల మండపంలో పాదుకలను తలమీద పెట్టుకొని ప్రదక్షిణం చేసి మళ్ళీ బస్సు ఎక్కుతాడు. కాలికి మెత్తని అట్టల చెప్పులు. రాత్రి పడుకోబోయే ముందు ఆయన మంచంమీద కాళ్ళు చాచితే, ఏడో తరగతి చదివే మనుమరాలు టార్చిలైటు పట్టుకొని రెండు అరికాళ్ళూ, మిగిలిన ఎనిమిది వేళ్ళూ చూస్తుంది. ‘ఏమీ లేదు తాతా’ అని ఆ పిల్ల చెప్పిన తర్వాతనే ఆయన దుప్పటి కప్పుకొంటాడు. నొప్పి లేదని ఆయన చెప్పే మాటను మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ నమ్మరు.

పెద్దల పాదాలకు నమస్కరించడం మన ఆచారం. చేతులు పాదాలను తాకే ఆ క్షణంలో కళ్ళు కూడా వాటిమీద నిలపండి. ఆనాడు నా చేతికి గుడ్డకట్టు తగిలినప్పుడు నేను దాన్ని విప్పి చూచి ఉంటే, ఆయన పాదాలకు పది వేళ్ళుండేవి.